బంగారు పాము పలికిన సాక్ష్యము

“తల్లి నిజము, తండ్రి నమ్మకము” అని మన ఇండ్లలో పెద్దలు అనుచుందురు. ఈ మాటలో కొంత హాస్యమున్నను, దాని దెబ్బ తినిన స్త్రీకి అందు హాస్యమేమియు కనిపించదు. “ఈ బిడ్డ నా బిడ్డ కాదు” అని పురుషుడు ఒక్క మాట అన్నచో తల్లి పరువు, బిడ్డ పోషణ రెండును సందేహమున పడును. ఆ మాట అబద్ధమని తేల్చుటకు చిరకాలము న్యాయస్థానములకు తగిన సాధనము లేకుండెను. ఇరుగుపొరుగువారి సాక్ష్యములు, పాత ఉత్తరములు, ముక్కు తీరులోను కన్ను తీరులోను పోలికలు – ఇవియే ఆధారములు. రక్తపు గ్రూపులను పరీక్షించి “ఇతడు తండ్రి కాజాలడు” అని కొన్ని సందర్భములలో చెప్పవచ్చును గాని, “ఇతడే తండ్రి” అని చెప్పుటకు ఆ పరీక్ష చాలదు.

1989లో కేరళలోని తలశ్శేరి న్యాయస్థానము ఎదుట ఇట్టి వివాదమే విచారణకు వచ్చెను. బిడ్డకు పోషణవ్యయము ఇప్పింపవలెనని తల్లి కోరెను. పురుషుడు పితృత్వమును నిరాకరించెను. తల్లి, బిడ్డ, ఆ పురుషుడు – ముగ్గురి రక్తమును హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అనగా సి.సి.యం.బి. అను పరిశోధనాలయమునకు పంపిరి. అచటి శాస్త్రజ్ఞుడు డాక్టర్ లాల్జీ సింగ్ డి.ఎన్.ఏ. పరీక్ష జరిపి, ఆ పురుషుడే తండ్రియని సాక్ష్యమిచ్చిరి. న్యాయస్థానము అంగీకరించెను. 1991లో కేరళ హైకోర్టు కూడ ఆ తీర్పును సమర్థించెను. మన దేశమున డి.ఎన్.ఏ. ముద్రను న్యాయస్థానము సాక్ష్యముగా స్వీకరించుట అదియే ప్రథమము.

ఆ పరీక్షకు మూలము ఒక పాము. న్యాయస్థానములతోను, తగవులతోను ఏ సంబంధమును లేని ఒక ప్రశ్నను పట్టుకొని, ఆ పాము వెంట ఇరువది సంవత్సరములు నడచిన శాస్త్రజ్ఞుని పరిశోధనను గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

లాల్జీ సింగ్ 1947 జూలై 5వ తేదీన ఉత్తరప్రదేశములోని జౌన్పూరు జిల్లాయందు కల్వారీ అను గ్రామమున, ఒక వ్యవసాయకుటుంబమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము చదివి, ఆచార్య రాయ్ చౌధురి వద్ద పరిశోధనకు కుదిరిరి. అప్పుడు వారు ఎన్నుకొనిన విషయము పాముల కణములలోని క్రోమోసోములు. పల్లెటూరి తండ్రులెవ్వరైనను, కుమారుడు విశ్వవిద్యాలయమునకు పోయి పాములను పట్టుకొని కూర్చున్నాడని విన్నచో కొంచెము దిగులుపడకమానరు. దాని వలన లాభమేమని అడిగినచో, ఆ నాడు లాల్జీ సింగ్ గాని, ఆచార్యులు గాని సూటియైన సమాధానము చెప్పగలిగియుండరు.

ఆ ప్రశ్న ఏమనగా: జీవులలో ఆడ, మగ అను భేదమును నిర్ణయించు క్రోమోసోములు ఎట్లు పుట్టినవి? మానవులలో స్త్రీకి ఒకే రూపముగల రెండు ఎక్స్ క్రోమోసోములు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై ఉండును. వై చిన్నది, చూచినంతనే గుర్తింపవచ్చును. అనేకజాతుల పాములలో ఇది తలక్రిందులు. వానిలో జంట కుదరని క్రోమోసోము ఆడుదానికి ఉండును. దానిని డబ్ల్యు అనియు, దాని జోడును జెడ్ అనియు వ్యవహరింతురు.

లాల్జీ సింగ్ సూక్ష్మదర్శినితో అనేకజాతుల పాములను పరిశీలించిరి. కొండచిలువ వంటి ప్రాచీనజాతులలో లింగక్రోమోసోములు రెండును కవలపిల్లలవలె ఒక్కతీరుననే ఉన్నవి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటి విషసర్పములలో డబ్ల్యు రూపమే మారిపోయినది. నడుమనున్నది జెర్రిపోతు కుటుంబము. ఈ కుటుంబములోని కొన్ని పాములలో రెండు క్రోమోసోములు కంటికి ఒక్కతీరుననే కనబడినను, కణము విభజనకు సిద్ధపడునపుడు డబ్ల్యు తన ప్రతిని తక్కినవానితో కలిసి వ్రాసికొనదు. దాని వేళ వేరు. ఇది మంచి ఆధారము. ఒకనాడు ఒకే రూపమున నుండిన జంటలో మొదట మారినది రూపము కాదు, నడవడి. రూపభేదము తరువాత వచ్చినదని దీని వలన ఊహింపవచ్చును. 1971లో వారు డాక్టరేటు పొందిరి. ఆ యేడే గురుశిష్యులు ఈ విషయమును ప్రచురించిరి. ప్రపంచములోని క్రోమోసోమ్ శాస్త్రజ్ఞులకు వారణాసి నుండి వచ్చిన ఈ వార్త ఆదరణీయమైనది.

1974లో వారు స్కాట్లండులోని ఎడిన్బరో విశ్వవిద్యాలయమునకు పోయిరి. సూక్ష్మదర్శినిలో కనిపించిన భేదమునకు డి.ఎన్.ఏ.లో కారణమేమి యున్నదో వెదకుట ఇప్పటి పని. పాము కణముల డి.ఎన్.ఏ.ను ఒక లోహలవణపు ద్రావణములో కలిపి అతివేగముగా త్రిప్పినచో, అది తన సాంద్రతను బట్టి పొరలుగా విడిపోవును. పెద్ద పొరకు ప్రక్కన చిన్న పొరలు కొన్ని కనబడును. చంద్రుడు భూమి ప్రక్కన ఉన్నట్లు ఇవి ప్రక్కన ఉండును గనుక వీనికి ఉపగ్రహ డి.ఎన్.ఏ. అని పేరు. పచ్చ, నలుపు పట్టెలుగల కట్లపాము ఆడుదానిలో ఇట్టి చిన్న పొర నొకదానిని లాల్జీ సింగ్, వారికి ఆశ్రయమిచ్చిన ఆచార్యుడు జోన్స్ వేరుచేసిరి. ‘బాండెడ్ క్రెయిట్ మైనర్’ అను ఆంగ్లపదముల మొదటి అక్షరములతో దానికి బి.కె.యం. అని పేరు పెట్టిరి.

ఇచట తెలుగువారు సంతోషింపదగిన చిన్న విషయమొకటి కలదు. ఈ పామునకు శాస్త్రములోని పేరు ‘బుంగారుస్’. లాటిను మాటవలె ధ్వనించు ఈ పేరు మన ‘బంగారు’ తప్ప వేరు కాదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను ఈస్టిండియా కంపెనీ శాస్త్రజ్ఞుడు కోరమండలతీరపు సర్పములను గూర్చి 1796లో గొప్ప గ్రంథమును వెలువరించెను. స్థానికులు ఏ పామును ఏమని పిలిచిరో ఆ పేరును ఆయన గ్రంథమున వ్రాసెను. ఆ విధముగా ‘బంగారు పాము’ అచ్చులోనికి ఎక్కినది. 1803లో ఒక ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు దానినే జాతినామముగా స్థిరపరచెను. పేరు చెప్పిన పాములవారి పేర్లు గ్రంథములకు ఎక్కలేదు గాని వారి మాట మాత్రము ఎడిన్బరో వరకు పోయినది.

బి.కె.యం.లో ఏమున్నది? డి.ఎన్.ఏ. అనునది ఏ, టి, జి, సి అను నాలుగు అక్షరములతో వ్రాసిన పొడవైన వ్రాత. బి.కె.యం.లో జి, ఏ, టి, ఏ అను నాలుగక్షరముల వరుస జపమాలవలె మరలమరల వచ్చును. ఆశ్చర్యమేమనగా, ఈ పునరుక్తి పాముతో ఆగిపోలేదు. 1980లో ప్రచురించిన వ్యాసమున లాల్జీ సింగ్, వారి సహచరులు ఇది ఇతరజీవులలో కూడ ఉన్నదనియు, లింగక్రోమోసోములతో దీనికి సంబంధమున్నదనియు చూపిరి. 1982లో దీనినే సాధనముగా గొని ఎలుకలలోని ఒక చిక్కును విప్పిరి. కొన్ని ఎలుకలు రెండు ఎక్స్ క్రోమోసోములతో పుట్టియు మగవిగా పెరుగుచుండెను. వై క్రోమోసోములోని ఒక తునక తెగి, ఎక్స్ కొనకు అతుకుకొనుటయే దానికి కారణమని బి.కె.యం. సాయమున తేల్చిరి.

ఈ వరుసయే మగతనమును నిర్ణయించు మీట కావచ్చునను ఆశ అప్పుడు కలిగినది. ఆ ఆశ నెరవేరలేదు. 1990లో లండనులోని శాస్త్రజ్ఞులు ఎస్.ఆర్.వై. అను జన్యువును కనుగొనిరి. క్షీరదములలో మీట అదియేయని స్థిరపడినది. లాల్జీ సింగ్ వెదకిన తాళపుచెవి ఆ తలుపునకు సరిపడలేదు. అది వేరొక తలుపును తెరచినది. ఈ విషయమును జీవితచరిత్రలు వ్రాయువారు తరచుగా దాటవేయుదురు. మాకు మాత్రము వారి పరిశోధనలో ఇదియే మిక్కిలి ఆసక్తికరమైన ఘట్టముగా తోచినది.

ఆ తలుపు సంగతి చెప్పవలెనన్న ఇంగ్లండులోని లెస్టరు నగరమునకు పోవలెను. 1984 సెప్టెంబరులో అచటి ఆచార్యుడు అలెక్ జెఫ్రీస్, డి.ఎన్.ఏ.లో మరలమరల వచ్చు కొన్ని వరుసలు మనిషిమనిషికి భేదించుననియు, వానిని బట్టి వ్యక్తిని గుర్తింపవచ్చుననియు కనుగొనెను. మరుసటి సంవత్సరము అది ప్రచురితమై సంచలనము కలిగించెను. ఐతే ఆ విధానముపై పేటెంటు హక్కులుండెను. లాల్జీ సింగ్ చేతిలోనో, పదేండ్ల క్రిందటనే దొరికిన మరొక పునరుక్తి ఉన్నది. దానితో ఇదే పని జరుగదా?

1987లో వారు స్వదేశమునకు మరలి హైదరాబాదు సి.సి.యం.బి.లో చేరిరి. డాక్టర్ పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున 1977లో ఆరంభమైన ఆ సంస్థను 1987 నవంబరులో, నాటి ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితము చేసిరి. 1988 నాటికి బి.కె.యం.తో డి.ఎన్.ఏ. ముద్రను తీయు విధానము అచట సిద్ధమైనది.

ఆ విధానమును బొమ్మ చూపక చెప్పుట కష్టమే. ఐనను ప్రయత్నింతుము. ఒక గ్రామమున ఇంటింట ఒకే పురాణపు తాళపత్రప్రతి ఉన్నదనుకొనుడు. ప్రతులన్నియు దాదాపు ఒక్కటే. కాని వ్రాయసకాండ్రు కొన్ని చోట్ల ‘గోవింద’ అను మాటను ఒక ప్రతిలో పదిమారులు, మరొక ప్రతిలో ఇరువదిమారులు వ్రాసిరి. ఇప్పుడు ప్రతి గ్రంథమును, ఒక నిర్ణీతమైన పదము కనిపించిన చోటనెల్ల కత్తిరించినచో తునకలు ఏర్పడును. ‘గోవింద’ ఎక్కువగా ఉన్న తునక పొడవు, తక్కువగా ఉన్న తునక పొట్టి. డి.ఎన్.ఏ.ను అట్లు కత్తిరించుటకు ఎన్జైములు కలవు. తునకలను జిగురువంటి పలకలో ఉంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో పొట్టివి దూరముగా పోవును, పొడవైనవి వెనుకబడును. వానిని ఒక పొరపైకి ఎత్తి, రేడియోధార్మికత గల బి.కె.యం.తో తడిపినచో, అది తనవంటి వరుస ఉన్న తునకలకు మాత్రమే అంటుకొనును. ఎక్స్ రే ఫిల్ముపై నల్లని చారలు నిలువుగా, మెట్లు మెట్లుగా కనిపించును. అదియే ముద్ర. ఏకరూపకవలలకు తప్ప ఇద్దరికి ఒకే ముద్ర వచ్చుట దాదాపు అసంభవము.

బిడ్డ ముద్రలోని చారలు సగము తల్లి నుండి, సగము తండ్రి నుండి వచ్చును. తల్లి ముద్రలో ఉన్నవానిని తీసివేయగా మిగిలిన చారలు తండ్రి ముద్రలో ఉండవలెను. తలశ్శేరి న్యాయస్థానమున చూపినది ఇదియే. దీనిని నల్లకోట్ల వకీళ్లకు, జంతుశాస్త్రము చదువని న్యాయమూర్తులకు తేటగా చెప్పుట కూడ పరిశోధనలో భాగమే. లాల్జీ సింగ్ ఆ పనిని చిన్నచూపు చూడలేదు. అనేక న్యాయస్థానములలో తామే స్వయముగా సాక్షిగా నిలిచి, ఎదురుప్రశ్నలకు సమాధానము లిచ్చిరి.

1991 మే నెలలో శ్రీపెరంబుదూరున రాజీవ్ గాంధీ హత్యకు గురియైనపుడు ఆ దర్యాప్తునందు కూడ సి.సి.యం.బి. డి.ఎన్.ఏ. పరీక్షలు ఉపయోగపడెను. నాలుగేండ్ల క్రిందట ఆ సంస్థను ప్రారంభించిన వ్యక్తి విషయముననే ఆ పరీక్ష అవసరమగుట విధివిలాసము. తరువాత ఈ పరీక్షల కొరకే హైదరాబాదున సి.డి.ఎఫ్.డి. అను ప్రత్యేకసంస్థ ఏర్పడినది. దాని స్థాపనలోను లాల్జీ సింగ్ పాత్ర ముఖ్యము.

ఐతే ఈ పరీక్ష సర్వజ్ఞమైనది కాదని శ్రోతలు గమనింపవలెను. సంఘటనస్థలమున దొరికిన రక్తము ఫలానావానిదని ముద్ర చెప్పగలదు. అతడే హంతకుడని చెప్పలేదు. రక్తమును సేకరించినవాడు అజాగ్రత్తగా ఉన్నచో, ఉత్తమమైన ప్రయోగశాల కూడ ఏమియు చేయజాలదు. ఇక పితృత్వవివాదములలో, అడిగినంతనే అందరి రక్తమును పరీక్షింపజేయుట తగదనియు, ఎవ్వరిని బలవంతపెట్టరాదనియు 1993లో సుప్రీంకోర్టు హెచ్చరించెను. నిజము తెలిసికొను సాధనము అనుమానపు భర్తచేతిలో ఆయుధము కాగలదు గదా! ఈ హెచ్చరిక ఉచితమైనదని మా అభిప్రాయము.

బి.కె.యం. విధానమునకు రక్తము కొంచెము ఎక్కువగాను, చెడకుండను ఉండవలెను. తరువాత పి.సి.ఆర్. అను ప్రక్రియతో, వెండ్రుక మొదలు, ఆరిన ఉమ్మి వంటి స్వల్పాధారముల నుండియు ముద్ర తీయుట సాధ్యమై, పాత విధానము మూలపడెను. ఐనను నేటి పరీక్షలలో చదువు స్థానములలో కొన్నిటియందు మరలమరల వచ్చునది జి, ఏ, టి, ఏ అను ఆ నాలుగక్షరములే.

1998 నుండి 2009 వరకు లాల్జీ సింగ్ సి.సి.యం.బి. సంచాలకులుగా నుండిరి. అంతరించుచున్న వన్యప్రాణుల సంరక్షణకు హైదరాబాదులోని అత్తాపూరున లాకోన్స్ అను ప్రయోగశాలను నెలకొల్పిరి. కాని ఆ కాలపు పనులలో మన ఇండ్లకు మిక్కిలి దగ్గరగా వచ్చునది వేరొకటి. ఒక్క మనిషిని గుర్తించుటకు వాడిన విద్యతోనే, జనసమూహముల చరిత్రను చదువుటకు పూనుకొనిరి. డాక్టర్ తంగరాజ్ మొదలగు సహచరులతో అండమాను ఆదివాసుల డి.ఎన్.ఏ.ను పరిశీలించి, వారు అతిప్రాచీనకాలమున వేరుపడిన శాఖయని 2005లో ప్రకటించిరి. 2009లో అమెరికాలోని డేవిడ్ రైక్ బృందముతో కలిసి, 25 సమూహములకు చెందిన 132 మంది డి.ఎన్.ఏ.లో ఐదులక్షలకు పైబడిన స్థానములను పోల్చిరి. నేటి భారతీయులలో దాదాపు అందరును రెండు ప్రాచీనజనసమూహముల మిశ్రమమేయని తేలినది. పాలు నీళ్లు ఎచ్చట ఎంత కలిసినవను లెక్కలో హెచ్చుతగ్గులే గాని, కలియనివారు ప్రధానభూమిపై దాదాపు లేరు.

కలిసినవారు తరువాత విడివిడిగా గిరి గీసికొనిరి. ఈ విషయము ముఖ్యమైనది. ఒక చిన్న గుంపు నుండి పుట్టి, తరతరములుగా తమలో తామే పెండ్లి చేసికొను సమూహమున, ఆ మొదటి గుంపులో ఒకరిద్దరికి ఉన్న దోషపూరితమైన జన్యువు అనేకులకు వ్యాపించును. మేనరికము సంగతి అందరికి తెలిసినదే. ఇది మేనరికము కాదు. దగ్గరి చుట్టరికము ఏమియు లేని వధూవరులు కూడ రెండువేల యేండ్ల క్రిందటి ఒకే పూర్వికుని నుండి ఆ జన్యువును పొందియుండవచ్చును. 2009 నాటి పరిశోధనలో దీనికి స్పష్టమైన ఉదాహరణముగా కనిపించినది మన ఆంధ్రదేశపు వైశ్యసమూహము. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు ఇచ్చు సక్సినైల్ కోలిన్ అను మందు కొందరి రక్తములో త్వరగా విరుగదు; వారికి శ్వాస చాలసేపు తిరిగి రాదు. ఈ లోపము ఆ సమూహమున ఇతరులలోకంటె ఎక్కువని మత్తుమందు వైద్యులు అనుభవముచేత ఎరుగుదురు. ఇది ఎవ్వరికిని తలవంపు కాదు. ఇట్టి జన్యువులు ఏదో ఒకటి ప్రతి సమూహమునను ఉండును. కుటుంబములో ఎవ్వరికైనను శస్త్రచికిత్స తరువాత ఊపిరి అందుట ఆలస్యమైనచో, ఆ సంగతిని తరువాతి తరమువారు వైద్యునికి ముందుగా చెప్పుట మేలు. వైద్యుడు వేరొక మందు వాడును.

అదే 2009లో మరొక ఫలితము వెలువడినది. గుండె కండరమునకు సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరములు లోపించుట మన ఉపఖండమున నూటికి నలుగురిలో ఉన్నదనియు, అట్టివారికి పెద్దవయస్సున గుండె బలహీనమగు ప్రమాదము హెచ్చనియు లాల్జీ సింగ్, తంగరాజ్ మున్నగువారు తెలిపిరి. ఇంతటి కీడు ఇంతమందిలో ఎట్లు నిలిచినది? సంతానము కలుగు వయస్సు దాటిన తరువాతనే అది సాధారణముగా బయటపడును. కనుక తల్లిదండ్రులు ఆరోగ్యముగా నుండగనే అది బిడ్డలకు సంక్రమించిపోవును.

2011లో వారు తాము చదివిన కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకే ఉపకులపతిగా పోయి, మూడు సంవత్సరములు నెలకు ఒక్క రూపాయి జీతముపై పనిచేసిరి. 2017 జూలైలో, భారతదేశమును ఇరుగుపొరుగు దేశములను కలిపి 260కి పైబడిన సమూహముల పరిశీలన ప్రచురితమైనది. అందు 81 సమూహములలో చిన్న గుంపు నుండి పుట్టిన లక్షణము బలముగా కనిపించినది; వానిలో పదునాలుగింటి జనసంఖ్య పదేసి లక్షలకు మించినది. ఏ సమూహమున ఏ రోగము పొంచియున్నదో ముందుగా వెదకి, పెండ్లికి పూర్వమో, కాన్పుకు పూర్వమో కుటుంబములకు తెలియజేయుటకు ఈ పట్టిక మొదటి మెట్టు. రచయితలలో లాల్జీ సింగ్ పేరు కలదు. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన వారణాసిలో వారు గుండెపోటుతో మరణించిరి. వారికి అప్పటికి డెబ్బది సంవత్సరములు. పట్టికలోని సమూహములను ఒక్కొక్కటిగా పరిశీలించు పని మిగిలియున్నది.